దోమయు ఒంటెయు: ఇంటర్నెట్ వాడుకలో మన గృహనిర్వాహకత్వము

చదువవలసిన భాగములు: ఆదికాండము 2:4–15, సామెతలు 11:1, మత్తయి 23:23–24, యోహాను 6:1–13.



గృహనిర్వాహకత్వమనగానే మనకు కానుకల పెట్టె జ్ఞాపకము వచ్చును. పంట కోతల పండుగనాడు తెచ్చు ధాన్యపు బస్తా జ్ఞాపకము వచ్చును. అయితే దేవుడు మన చేతికప్పగించినది ధనము మాత్రమే కాదు. ఏదెను తోటలో నరుని ఉంచినప్పుడు ఆయన ఆ తోట సేద్యమును, కాపుదలను అతనికి అప్పగించెను. నేల, నీరు, గాలి అను వీటి విషయమై మనము లెక్క అప్పగింపవలసినవారము.

ఈ నెల పాఠములో మన పల్లెలలో దాదాపు ప్రతి యింట చేరియున్న సెల్లు ఫోనును గూర్చియు, దానిలో వచ్చు ఇంటర్నెట్‌ను గూర్చియు ఆలోచింతము. దీనివలన భూమికి కలుగు భారమెంత? దానిని తగ్గించుటకు మనము చేయదగినదేమి? ఈ ప్రశ్నలు మా సంఘములో ఒక బాధకరమైన సంగతివలన పుట్టినవి. మొదట దానిని చెప్పెదము.

1. ఒక కూటములో జరిగిన సంగతి

పర్యావరణ దినమును పురస్కరించుకొని మా యౌవనస్థులు ఒక సాయంకాల కూటము జరిపిరి. చెట్లు నాటుట, ప్లాస్టిక్కు సంచులు మానుట మొదలైన సంగతులు చెప్పిన తరువాత ఒక యువకుడు లేచి ఇంటర్నెట్‌ను గూర్చి మాటలాడెను. అరగంట సేపు వీడియో చూచినయెడల 1.6 కిలోల బొగ్గుపులుసు వాయువు గాలిలో కలియునని తాను చదివిన దానిని వినిపించెను. అందరును ఆశ్చర్యపడిరి. అప్పుడతడు వెనుక వరుసలో చాపమీద కూర్చున్న ఒక వృద్ధ విధవరాలి వైపు తిరిగి, "మామ్మగారూ, మీరు రోజూ పొద్దున్నే గ్రూపులో పెట్టే ఆ పూల బొమ్మల వాక్యాల వల్ల కూడా భూమి వేడెక్కుతోందండీ. ఇక మానెయ్యండి" అనెను. కొందరు నవ్విరి. ఆమె సిగ్గుపడి, "అట్లాగా నాయనా, నాకు తెలియదు. రేపటినుంచి పెట్టనులే" అనెను.

మేమును ఆ కూటములో ఉంటిమి. నోరు మెదపలేదు. అది మా తప్పు.

ఆమె ఒంటరిగా నివసించును. కుమారుడు కువైట్ దేశములో పని చేయుచున్నాడు. ప్రతి ఉదయము ఆరు గంటలకు ఆమె పంపు వాక్యపు బొమ్మ అతనికి వాక్యము మాత్రమే కాదు. తల్లి లేచినది, క్షేమముగా ఉన్నది అను గురుతు. కూటము జరిగిన పదునైదు దినములకు ఆమెకు జ్వరము తగిలి మంచము పట్టెను. రెండు దినములు ఎవరికిని తెలియలేదు. మునుపైతే తొమ్మిది గంటలలోపు గ్రూపులో బొమ్మ రాకపోయినయెడల, "మామ్మగారు కనబడలేదే" అని ఎవరో ఒకరు వెళ్లి చూచెడివారు. ఇప్పుడు బొమ్మ రాకపోవుటే వాడుకయైనది గదా! మూడవనాడు కుమారుడు ఫోనులో తల్లి పలుకక, పాస్టరుగారికి ఫోను చేయగా అప్పుడు పోయి చూచితిమి. దేవుని కృపవలన ఆమె కోలుకొన్నది. కాని మా మనస్సులు మమ్మును గద్దించినవి.

ఆ పిమ్మట పాస్టరుగారు ఆ యువకుని, మమ్మును పిలిచి, "నిజముగా లెక్క వేసి చూచితిరా?" అని అడిగిరి. మేము వేయలేదు. కూర్చుండి వేసితిమి. ఆ లెక్కయే ఈ పాఠము.

2. ఫోను వెనుక ఉన్నదేమి?

మన చేతిలోని ఫోను చిన్నదే. కాని ఒక పాట వినుటకు మనము వ్రేలితో నొక్కినప్పుడు ఆ కోరిక ఊరి టవరుకు చేరి, అక్కడనుండి భూమిలోని ఫైబరు తీగెలగుండ, కొన్ని సమయములలో సముద్రపు అడుగున పరచిన తీగెలగుండ ప్రయాణము చేసి, డేటా సెంటరు అను గొప్ప భవనమునకు చేరును. అక్కడ వేలాది కంప్యూటర్లు రేయింబవళ్లు పని చేయుచుండును. అవి వేడెక్కును గనుక చల్లార్చు యంత్రములు కావలెను. కొన్నిచోట్ల ఇందు నిమిత్తము నీరు విస్తారముగా ఆవిరియగును.

అంతర్జాతీయ ఇంధన సంస్థ 2025లో ప్రకటించిన లెక్క ప్రకారము 2024లో లోకమందలి డేటా సెంటర్లన్నియు కలిసి సుమారు 41,500 కోట్ల యూనిట్ల విద్యుత్తు వాడినవి. లోకమంతటి విద్యుత్తులో ఇది నూటికి ఒకటిన్నర వంతు. 2030 నాటికి ఇది సుమారు 94,500 కోట్ల యూనిట్లకు పెరుగవచ్చునని ఆ సంస్థ అంచనా. ఈ పెరుగుదలకు ముఖ్య కారణము కృత్రిమ మేధ.

ఇది మనకు దూరపు సంగతి కాదు. హైదరాబాదు పరిసరములలో పెద్ద డేటా సెంటర్లు పని చేయుచున్నవి. విశాఖపట్టణములో 5 సంవత్సరములలో 1,500 కోట్ల డాలర్లు వెచ్చించి అట్టి కేంద్రమును నెలకొల్పెదమని గూగుల్ సంస్థ 2025 అక్టోబరులో ప్రకటించినది. మన దేశములో విద్యుత్తు అధికభాగము నేటికిని బొగ్గునుండియే వచ్చుచున్నది. రామగుండములోను, విజయవాడయొద్ద ఇబ్రహీంపట్నములోను, విశాఖయొద్ద సింహాద్రిలోను పొగ గొట్టములను మనలో అనేకులు చూచియున్నాము. మన దేశపు గ్రిడ్డులో ఒక యూనిట్టు విద్యుత్తుకు సుమారు 0.7 కిలోల బొగ్గుపులుసు వాయువు వెలువడునని లెక్క. ఈ సంఖ్యను పాఠకులు గుర్తుంచుకొనవలెను. ముందు దీనితో పని యున్నది.

3. దొంగ త్రాసు

మా యువకుడు చదివిన 1.6 కిలోల మాట ఎక్కడనుండి వచ్చినది? 2019లో ఫ్రాన్సు దేశపు ఒక సంస్థ ప్రతినిధి ఇచ్చిన లెక్క అది. పత్రికలు దానిని లోకమంతట చాటినవి. అయితే అందులో బిట్టు అను కొలతను బైటు అని పొరబడిరి. ఒక బైటుకు ఎనిమిది బిట్లు గనుక ఒక్కసారిగా ఎనిమిది రెట్లు హెచ్చినది. ఆ సంస్థయే 2020లో తప్పును ఒప్పుకొని దిద్దుకొన్నది. కాని దిద్దుబాటు తప్పు వెళ్లినంత దూరము వెళ్లలేదు. మా యువకుని ఫోనుకు చేరినది తప్పు లెక్కయే.

అదే 2020లో అంతర్జాతీయ ఇంధన సంస్థవారు వేసిన లెక్క ప్రకారము ఒక గంట వీడియోకు లోక సగటున సుమారు 0.077 యూనిట్లు, అనగా సుమారు 36 గ్రాముల వాయువు మాత్రమే. అందులోను నూటికి 72 వంతులు చూచు పరికరమే వాడుకొనును. మిగిలినదే తీగెలకు, టవర్లకు, డేటా సెంటర్లకు. గొప్ప టీవీ పెట్టె ఒక సెల్లు ఫోనుకంటె సుమారు నూరు రెట్లు విద్యుత్తు లాగునని కూడ వారు చెప్పిరి.

దొంగ త్రాసు దేవునికి అసహ్యమని మనము పిల్లలకు నేర్పుదుము. త్రాసు దుకాణములోనే కాదు, నాలుకమీద కూడ ఉండును. మంచి ఉద్దేశముతో చెప్పినను తప్పు తూనిక తప్పు తూనికయే.

4. లెక్క వేసి చూతము

ఇప్పుడు మన యిండ్ల లెక్క. మీరును కాగితము తీసికొని వేయవచ్చును.

ఫోను చార్జింగు. నేటి సామాన్యమైన ఫోను బ్యాటరీ 5,000 ఎంఏహెచ్. అది పూర్తిగా నిండుటకు, చార్జరులో పోవు నష్టముతో కలిపి, ఒక యూనిట్టులో సుమారు 40వ వంతు పట్టును. ప్రతిదినము ఒకసారి నింపినను సంవత్సరమునకు 9 యూనిట్లు. దానికి వాయువు 6 కిలోలకు కొంచెము పైన.

క్రొత్త ఫోను. ఫోను తయారీదారులే ప్రకటించుచున్న లెక్కలలో ఒక ఫోను జీవితకాలపు భారములో సుమారు అయిదింట నాలుగు వంతులు మనము దానిని పెట్టెలోనుండి తీయకమునుపే జరిగిపోవును. గనులు త్రవ్వుట, లోహములు కరగించుట, చిప్పులు చేయుటయే దీనికి కారణము. ఒక ఫోను తయారీకి సుమారు 50 కిలోలని పెట్టుకొందము. అది ఏడెనిమిది సంవత్సరముల చార్జింగుకు సమానము! రెండేండ్లకు మార్చువానికి సంవత్సరమునకు 25 కిలోలు. అయిదేండ్లు వాడుకొనువానికి 10 కిలోలు మాత్రమే.

వైఫై రౌటరు. సుమారు 8 వాట్లు లాగునది రేయింబవళ్లు వెలుగుచుండిన సంవత్సరమునకు 70 యూనిట్లు. ఫోను చార్జింగుకంటె ఏడు రెట్లకు పైన. ఇంటివారు నిద్రించు ఎనిమిది గంటలు ఆర్పినయెడల 23 యూనిట్లు, అనగా 16 కిలోల వాయువు మిగులును.

టీవీయు సెట్‌టాప్ పెట్టెయు. నూరు వాట్ల టీవీ దినమునకు నాలుగు గంటలు నడచిన సంవత్సరమునకు 146 యూనిట్లు. టీవీని రిమోటుతో ఆర్పినను, గోడ స్విచ్చి ఆర్పనియెడల దాని ప్రక్కనున్న పెట్టె విద్యుత్తు త్రాగుచునేయుండును. ఆ పెట్టె 10 వాట్లు లాగునదైతే, ఎవరును చూడని 20 గంటలకు సంవత్సరమునకు 73 యూనిట్లు.

మామ్మగారి బొమ్మ. ఒక బొమ్మ సుమారు 200 కేబీ. గ్రూపులో 60 మంది యున్నారు గనుక అందరికిని చేరుటకు 12 ఎంబీ. సంవత్సరమంతయు ప్రతిదినము పంపినను నాలుగున్నర జీబీకి లోపే. స్పష్టమైన వీడియో ఒక గంటకు 1 నుండి 3 జీబీ పట్టును. అనగా ఆమె సంవత్సరమంతయు అరువదిమందికి పంపిన వాక్యములన్నియు కలిసి, ఆ యువకుడు ఒక్క రాత్రి చూచిన క్రికెట్టు ఆటకు సాటి!

5. ఏది దోమ, ఏది ఒంటె?

శాస్త్రులును పరిసయ్యులును పుదీనాలోను సోపులోను పదియవ వంతు తూచి, న్యాయమును కనికరమును విడిచిపెట్టిరని ప్రభువు వారిని గద్దించెను. దోమను గూర్చియు ఒంటెను గూర్చియు ఆయన పలికిన మాట అప్పటిదే. మేము చేసినదియు అట్టిదే. విధవరాలి బొమ్మను వడియగట్టితిమి. నాలుగేండ్లలో మూడు ఫోనులు మార్చిన మా అలవాటును, రాత్రంతయు వెలుగు మా రౌటర్లను, ఎవరును చూడక మ్రోగుచుండు మా టీవీలను చూడకపోతిమి.

దోమ సంగతి అక్కరలేదని దీని భావము కాదు. చిన్న వాటిని చేయుచు పెద్ద వాటిని మానకూడదని ప్రభువు చెప్పెను. కాని క్రమము ముఖ్యము. మొదట ఒంటె, పిమ్మట దోమ. మొదట మన యిల్లు, పిమ్మట పొరుగువాని యిల్లు.

ఇంకొక సంగతి నిజాయితీగా చెప్పవలెను. మనము ఒక వీడియో మానినంతమాత్రమున ఊరి టవరు ఆరిపోదు. గుడిలో ఒకడు లేకపోయినను దీపము వెలుగునట్లు, టవరు ఎవరు వాడినను వాడకున్నను వెలుగుచుండును. అయితే అందరి వాడుకయు పెరుగుచు పోయినకొలది క్రొత్త టవర్లు, క్రొత్త డేటా సెంటర్లు కట్టవలసివచ్చును. ఒకరి మితము చిన్నదే. ఊరంతటి మితము చిన్నది కాదు.

6. మనము చేయదగిన పనులు

అయిదువేలమంది తిని తృప్తిపొందిన పిమ్మట, అంత సమృద్ధిలోను ప్రభువు మిగిలిన ముక్కలను ఏరించెను. పన్నెండు గంపలు నిండినవి. సమృద్ధి వ్యర్థము చేయుటకు అనుమతి కాదు. డేటా చౌకయైనదని పారబోయరాదు. భారము ఎక్కువగా నున్న వాటినే ముందు ఉంచి ఈ పనులు వ్రాయుచున్నాము.

మొదటిది, ఫోనును ఎక్కువ కాలము కాపాడుడి. బ్యాటరీ పాతదైనయెడల బ్యాటరీ మార్పించుడి, ఫోనును కాదు. అద్దము పగిలిన అద్దము వేయించుడి. కవరు, గట్టి గాజు పొర వేసి పిల్లలకు ఇయ్యుడి. జాగా నిండినదని క్రొత్తది కొనక, గ్రూపులలో వచ్చిన వీడియోలను తుడిచివేయుడి.

రెండవది, పాత ఫోనును, చెడిన బ్యాటరీని చెత్తలోను, కాలువలోను వేయకుడి, కాల్చకుడి. 2022లో లోకమందు 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ చెత్త పుట్టగా, అందులో నూటికి 22 వంతులు మాత్రమే సరియైన రీతిగా సేకరింపబడెనని ఐక్యరాజ్య సమితివారి నివేదిక తెలుపుచున్నది. రాగి కొరకు తీగెలు కాల్చు పొగలో విషమున్నది. దానిని పీల్చువారు బీదలును వారి పిల్లలును. 2023 ఏప్రిల్ 1నుండి మన దేశములో అమలులోనున్న నిబంధనల ప్రకారము ఈ చెత్తను సరిగా శుద్ధి చేయించు బాధ్యత తయారుచేసిన సంస్థలదే. పట్టణమునకు పోవునప్పుడు సంఘస్థుల పాత ఫోనులన్నియు ఒక పెట్టెలో చేర్చి అట్టి సేకరణ స్థలమునకు అప్పగించుడి.

మూడవది, గోడ స్విచ్చి. రాత్రి పండుకొనునప్పుడు రౌటరు, సెట్‌టాప్ పెట్టె ఆర్పుడి. కుటుంబ ప్రార్థన ముగిసిన వెంటనే ఇంటి పిల్లవానికి ఈ పని అప్పగించినయెడల మరువరు.

నాల్గవది, వీడియోలో మితము. ఫోను తెర చిన్నది. 480 అను నాణ్యత చాలును. ఒకటి ముగియగానే మరియొకటి తానంతట మొదలగు ఏర్పాటును ఆపివేయుడి. దీనివలన కాలము కూడ మిగులును. కీర్తనలు వినుటకు వీడియో నడుపనక్కరలేదు. ఒకసారి దించుకొని నూరుసార్లు వినవచ్చును. వైఫై ఉన్నచోట దానినే వాడుడి. 2020లో జర్మనీ దేశపు పర్యావరణ సంస్థవారి లెక్కలో ఒక గంట స్పష్టమైన వీడియోను చేరవేయుటకు, చూచు పరికరమును విడిచి, ఫైబరు తీగెపై 2 గ్రాములు, 5జీపై 5 గ్రాములు, 4జీపై 13 గ్రాముల వాయువు తేలినది.

అయిదవది, ఆరాధన ప్రసారము. మంచము పట్టినవారికిని, పరదేశములలో పని చేయువారికిని అది మేలైనదే, మానవలదు. అయితే స్వరము మాత్రము పంపినను అనేకులకు చాలును. ఒక గంట ప్రసంగము స్వరముగా సుమారు 30 ఎంబీ; స్పష్టమైన వీడియోగా దానికి ముప్పది రెట్లకు పైన. నడిచి రాగలవారు గుడికే రావలెనని వేరుగా చెప్పనక్కరలేదు గదా.

ఆరవది, గ్రూపులు. వాట్సాప్ సెట్టింగులలో బొమ్మలు, వీడియోలు వాటంతట అవే దిగు ఏర్పాటును ఆపి, కావలసినది మాత్రమే తెరువుడి. 15 ఎంబీ వీడియోను 60 మందికి పంపిన ఒక్కసారికే 900 ఎంబీ అగును. వాక్యమును బొమ్మగా కాక అక్షరములుగా పంపినయెడల ఒక కేబీ కూడ పట్టదు. అక్షరములు కొట్టుట రాని వృద్ధులు స్వరముతో పలికి పంపవచ్చును. వారి స్వరము విన్న పిల్లలకు అది ఆశీర్వాదము.

ఏడవది, కృత్రిమ మేధ. వ్రాతపూర్వకమైన సామాన్య ప్రశ్నకు ఒక యూనిట్టులో నాలుగువేల వంతు పట్టునని గూగుల్ సంస్థ 2025 ఆగస్టులో తన యంత్రమును గూర్చి ప్రకటించెను. అది స్వల్పమే. వీడియోలు సృష్టింపజేయుటకు అంతకంటె ఎంతో ఎక్కువ కావలెను. అవసరమునకు అడుగుడి, ఆటకు అడుగకుడి.

కడపటిది, మన యింటి గడప దాటిన సంగతి. డేటా సెంటరు వచ్చుచోట నీరు ఏ చెరువునుండి, విద్యుత్తు బొగ్గునుండియా సూర్యునినుండియా అని గ్రామసభలో మర్యాదగా అడుగుట పౌరులుగా మన హక్కు. పెద్ద భారము పెద్దవారి చేతిలో నున్నప్పుడు, దానిని మామ్మగారి వీపుమీద పెట్టుట న్యాయము కాదు.

7. ముగింపు

లెక్క ముగించిన సాయంకాలము ఆ యువకుడు, మేము, పాస్టరుగారు ఆమె యింటికి వెళ్లితిమి. అతడు ఆమె మంచము ప్రక్కను కూర్చుండి, "మామ్మగారూ, నేను చెప్పింది తప్పండీ. అందరిలో మిమ్మల్ని అలా అనకుండా ఉండాల్సింది. క్షమించండి" అనెను. ఆమె అతని తలమీద చేయి వేసి, "పోనీలే బాబూ. మరి రేపు పెట్టమంటావా?" అని అడిగెను. మేమును ఆ దినము మౌనముగా ఉండినందుకు క్షమాపణ వేడితిమి.

అతడు ఆమె ఫోనులో స్వరముతో పంపు విధము చూపించెను. మరునాడు ఆరు గంటలకు గ్రూపులో ఆమె గొంతు వినబడెను. కువైట్‌నుండి కుమారుడు మొదట ప్రత్యుత్తరమిచ్చెను. ఆ యువకుడు తన ఫోనునకు క్రొత్త బ్యాటరీ వేయించుకొనెను. మా యింటి రౌటరు ఇప్పుడు రాత్రి పది గంటలకు ఆరుచున్నది.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. మన యింట రాత్రంతయు వెలుగుచుండు వస్తువులెన్ని? వాటి వాట్లను చూచి, సంవత్సరమునకు ఎన్ని యూనిట్లో లెక్క వేయుడి.

2. గడచిన పది సంవత్సరములలో మన కుటుంబము ఎన్ని ఫోనులు కొన్నది? పాతవి ఎక్కడ నున్నవి?

3. విచారింపకనే పొరుగువానిమీద మోపిన నింద ఏదైన మన సంఘములో కలదా? దానిని ఎట్లు సరిచేయుదుము?

4. మన గ్రూపులో ఉదయమున ఎవరి మాట రాకపోయినయెడల వెళ్లి చూడవలెను? వారి పేర్లు ఈ వారమే వ్రాసికొనుడి.